కామాక్క దిద్దిన పదో చోటు

ఆ పత్రికాఫీసులో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇరవయ్యేడేళ్ళుగా ప్రూఫులు దిద్దుతోంది. కామా ఉండాల్సిన చోట లేకపోతే రాసిన మనిషిని నిలబెట్టి కడిగేస్తుంది. అందుకని కామాక్క అయింది. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, తర్వాత ఎదురుగానే అనడం మొదలెట్టారు. ఆవిడ కూడా, లోపల కాస్త గర్వంగానే, ఆ పేరుకి పలకడం అలవాటు చేసుకుంది.

ఆ బుధవారం పొద్దున బల్ల మీదకొచ్చిన ప్రూఫు చూడగానే కామాక్క ముక్కు మూసుకుంది. ప్రత్యేక సంచికట. 'ప్రాణం తీసే అందాలు: లోకంలో చూసి తీరాల్సిన పది చోట్లు' అని నిలువెత్తు అక్షరాలు. మొదటిది మసిలే నీలి మడుగు. 'కాలు జారితే ఎముకలు కూడా మిగలవు! అయినా ఆ నీలం ముందు ప్రాణమెంత!' అని రాసి ఉంది. రెండోది జలపాతం అంచున గుంట. 'ఏటా పాతికమందిని మింగే ఈ ముద్దుగుమ్మ ఒడిలో ఒక్కసారి సేదదీరండి!' మూడోది మంచు గుహ, నాలుగోది ఉప్పు ఎడారి. ప్రతి చావు పక్కనా ఒక ఆశ్చర్యార్థకం. చచ్చినవాళ్ళని లెక్కబెట్టి కూరలో కొత్తిమీర చల్లినట్టు చల్లారు.

"ఛీ" అంది కామాక్క పైకే.

పక్క బల్ల దగ్గర ఆ వ్యాసం రాసిన మనిషి తలెత్తాడు. అతన్ని కుర్చీ యాత్రికుడు అంటారు. ఇరవై ఏళ్ళుగా లోకంలోని కొండలూ సముద్రాలూ అన్నీ రాశాడు గానీ, బస్సెక్కితే వాంతులవుతాయని ఊరు దాటి ఎరగడు. అతని కుర్చీకి మాత్రం రెండుసార్లు కొత్త తోలు వేయించారు.

"ఏమైంది కామాక్కా? మళ్ళీ కామా మింగేశానా?"

"కామా మింగితే పర్లేదు, మనుషుల్ని మింగి త్రేనుస్తున్నావు. ముద్దుగుమ్మ ఏంటయ్యా? పాతికమంది చచ్చిపోయిన చోటు ముద్దుగుమ్మా?"

"ఎడిటరుగారు అలాగే కావాలన్నారు. భయముంటేనే అందమట."

"ఆయన్ని వెళ్ళి ఆ మడుగులో కాళ్ళు పెట్టుకోమను, ఎంత అందంగా ఉంటుందో చూద్దాం."

ఎర్ర కలం తీసి ఆశ్చర్యార్థకాలన్నీ కొట్టేసింది. నలభై ఒకటి. అవన్నీ సాయంత్రానికి మళ్ళీ మొలుచుకొస్తాయని తెలుసు. అయినా కొట్టేసింది, ఒళ్ళంతా బురద పడ్డవాళ్ళు కనీసం మొహం కడుక్కున్నట్టు.

పదో చోటు దగ్గర ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. తక్కిన తొమ్మిదీ ఏ మూలనో ఉన్నాయి, అక్కడికి వెళ్ళే పాఠకుడు లేడు. పదోది మాత్రం వాళ్ళ ఊరి సముద్రంలోనే ఉంది, టాక్సీలో గంట లోపు దారి. కొండరాతి కింద గుహ. వంగి నడిస్తే పట్టే చిన్న సొరంగం, దాని చివర గది లాంటి పెద్ద బోలు. గది కప్పులో ఓ కంత ఉంది, అందులోంచి ఎండ పడి నీళ్ళన్నీ పచ్చగా వెలుగుతాయి. సముద్రం వెనక్కి తీసినప్పుడు సొరంగం పొడిగా ఉంటుంది, పొంగినప్పుడు మూసుకుపోతుంది. అంతే దాని కథ.

ఆ చోటికే ఆదివారం కామాక్క కూతురు వెళ్తానంటోంది. కూతురు కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. వారమంతా జనాల చేత చిన్నక్షరాలు చదివించి, సెలవు రోజున ఎక్కడ లోతుంటే అక్కడికి పరిగెడుతుంది. మధ్యాహ్నం తిండి వేళకి ఫోను చేసింది.

"అమ్మా, గుహ గురించి మీ పుస్తకంలో వస్తోందట కదా. ఎప్పుడు వెళ్ళాలో సరిగ్గా చూడు. మేం ముగ్గురం దాన్ని పట్టుకునే వెళ్తున్నాం."

"వద్దంటే వింటావా?"

"వినను. అందుకే నువ్వు సరిగ్గా దిద్దు."

ఫోను పెట్టేసి కామాక్క ఆ పేరాని వేలు పెట్టి చదివింది. ఇది తన పిల్ల ప్రాణం. ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ పోవడానికి వీల్లేదు. అక్కడ ఇలా ఉంది: 'ఆటు మొదలవగానే లోపలికి వెళ్ళాలి. పోటు మొదలయ్యే లోపు బయటికి వచ్చేయాలి. ఏ రోజు ఆటు ఎన్నింటికో, పోటు ఎన్నింటికో ఒడ్డున నల్లబల్ల మీద రాసి ఉంటుంది.'

ఆవిడ కలం ఆగింది. ఆటుపోట్లు అని జన్మంతా రాసింది, దిద్దింది. జీవితంలో ఆటుపోట్లు, రాజకీయాల్లో ఆటుపోట్లు, ధరల్లో ఆటుపోట్లు. ఎప్పుడూ జంటగానే వస్తాయి. విడదీసి ఏది ఏదో చూసే అవసరం ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు. కానీ అది ఒప్పుకోవడానికి ఆవిడ కామాక్క కాకపోవాలి.

"ఇదిగో యాత్రికుడూ, ఇది తిరగేసి రాశావు."

"ఏది?"

"పోటు అంటే ఏంటి? పోవడం. అందులోనే ఉందిగా పో అని. నీళ్ళు పోయేది పోటు. మరి పోటుకి ముందు బయటికొచ్చేయమని రాస్తావేంటి? నీళ్ళు పోయాక కదా లోపలికి వెళ్ళాల్సింది!"

కుర్చీ యాత్రికుడు బుర్ర గోక్కున్నాడు. "ఏమో కామాక్కా. అక్కడి పడవ సరంగుకి ఫోను చేస్తే అతను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ఈ వ్యాసం మొత్తంలో నేను అడిగి రాసింది అదొక్కటే."

"అతనికి సముద్రం తెలుసు, భాష నాకు తెలుసు."

నిఘంటువు ఆవిడ వెనక బీరువాలోనే ఉంది. లేచి నాలుగడుగులు వేస్తే చాలు. లేవలేదు. ఇరవయ్యేడేళ్ళు ఈ కుర్చీలో కూర్చున్న మనిషి ఒక రెండక్షరాల మాట కోసం ఇతని కళ్ళ ముందు బీరువా తలుపు తీస్తుందా? ఆటు కొట్టేసి పైన పోటు అని రాసింది, పోటు కొట్టేసి ఆటు అని రాసింది. కూతురి కోసం అక్షరాలు గుండ్రంగా, ఎవరికైనా అర్థమయ్యేలా రాసింది. ఆ మొత్తం ప్రూఫులో తను చేసిన మంచి పని అదొక్కటే అనిపించింది.

సంచిక శుక్రవారం వచ్చింది. ఆశ్చర్యార్థకాలు నలభై ఒకటీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎడిటరు వాటిని వెనక్కి పెట్టించాడు గానీ ఆటు పోటుల జోలికి పోలేదు. కామాక్క దిద్దిన మాటని తిరిగి చూసేవాళ్ళు ఆ ఆఫీసులో లేరు.

ఆదివారం ఎనిమిదింటికి కూతురు సంచి భుజాన వేసుకుని, పత్రిక చుట్ట చుట్టి చేత్తో పట్టుకుని బయల్దేరింది. గుమ్మం దగ్గర తల్లి బుగ్గ గిల్లి, "కంగారు పడకు, నీ మాట మీదే నడుస్తాను" అంది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల తల్లి మాట మీద నడుస్తానన్నది అదే మొదటిసారి. కామాక్క మురిసిపోయింది.

ఆ ఇంట్లో బీపీ అనే మాట నిషేధం. తెలుగులో మాట ఉండగా ఆ పొడి అక్షరాలేంటని కామాక్క మొగుడి చేత రక్తపోటు అనిపిస్తుంది. ఆయన తూకం గుమాస్తాగా పనిచేసి మానేసిన మనిషి, ఏది కొలిచినా అంకె పైకి చదివితే గానీ ఊరుకోడు. పదింబావు దాటాక స్నానం చేసొచ్చి, చేతికి పట్టీ చుట్టుకుని, మిషను నొక్కి, అది గుయ్యిమంటుంటే బిగదీసుకుని కూర్చున్నాడు.

"ఇదిగో, ఇవాళ పోటు ఎక్కిందే" అన్నాడు. "నిన్నటికన్నా బాగా ఎక్కింది."

కామాక్క బట్టలు మడతపెడుతోంది. చేతిలో ఉన్న చొక్కా అలాగే ఉండిపోయింది.

"ఏమన్నారు?"

"పోటు ఎక్కిందన్నాను. బీపీ అననివ్వవు, పోటంటే ఉలిక్కిపడతావు, ఏమనమంటావు మరి?"

పోటు ఎక్కుతుంది. రక్తపోటు ఎక్కుతుంది. గుండెపోటు పొడుచుకొస్తుంది. ఏ పోటూ పోయేది కాదు, అన్నీ మీదకొచ్చేవే. కామాక్క లోపలి గదిలోకి పరిగెత్తి, అటక మీది చిన్న నిఘంటువు లాగితే దాంతో పాటు నాలుగు పుస్తకాలు నెత్తిన పడ్డాయి. పేజీలు వేళ్ళకి అంటుకుంటున్నాయి. పోటు: సముద్రము పొంగుట. ఆటు: సముద్రపు నీరు వెనుకకు తీయుట. రెండు అర్థాలూ కలిపి ఆరు మాటలు.

మొదట వచ్చింది భయం కాదు, అసహ్యం.  మనుషుల చావుల మీద అలంకారాలు చల్లారని తొమ్మిది పేరాలకి ముక్కు మూసుకుంది. వాళ్ళు రాసింది చదివి ఎవడూ చచ్చిపోడు. శుభ్రంగా, ఒక్క ఆశ్చర్యార్థకం లేకుండా, నిఖార్సైన తెలుగులో చావుకి దారి రాసింది తను. ఆ ముక్కుని ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలి? తన ఎర్ర కలం, తన గుండ్రటి అక్షరాలు, బీరువా దాకా లేవని తన నడుము, అన్నిటిమీదా ఉమ్మేయాలనిపించింది.

కూతురి ఫోను మోగలేదు, అందుబాటులో లేదన్న గొంతు వచ్చింది. కుర్చీ యాత్రికుడికి చేసింది.

"సరంగు నంబరు చెప్పు. తొందరగా."

"ఎందుకు కామాక్కా?"

"నువ్వు రాసిందే కరెక్టు. నేను తిరగేశాను. నా కూతురు అక్కడికే వెళ్ళింది."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. తర్వాత నంబరు చెప్పాడు, రెండుసార్లు.

సరంగు రెండో పిలుపుకి ఎత్తాడు. కామాక్క గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అతను అంతా విని, "అయ్యో, అప్పుడే వెళ్ళిపోయారమ్మా" అన్నాడు. "పదింబావుకి పోటు మొదలని బల్ల మీద నేనే రాశాను. పొద్దున్నించీ లోపలికెళ్ళమంటే ఒక్కళ్ళూ వెళ్ళలేదు. ఇప్పుడు ఆటు నడుస్తోందమ్మా, ఇప్పుడే వెళ్ళండి, తర్వాత వద్దు అని మొత్తుకున్నాను. పుస్తకం చూపించి నవ్వారు. చదువుకున్నవాళ్ళు రాశారు, నీకెక్కువ తెలుసా అన్నారు. సరిగ్గా పదింబావు దాకా కూర్చుని మరీ వెళ్ళారు."

"నీళ్ళు..."

"ఇప్పుడింకా పాదాల దాకే ఉంటాయి, కానీ సొరంగం నోరు పల్లంలో ఉంది, అరగంటలో మూసుకుపోతుంది. అదేనమ్మా మోసం. పోటు మొదట్లో సముద్రం అసలు లేనట్టే ఉంటుంది. సాయంత్రం దాకా తగ్గుతూనే ఉంటుందనుకుని లోపల కూర్చుంటారు. నేను పై కంత దగ్గరికి తాడు పట్టుకెళ్తున్నాను, పెట్టేయండి."

టాక్సీలో ఆ ముప్పావుగంట కామాక్క కిటికీలోంచి బయటికి చూడలేకపోయింది. మొగుడు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. ఆ చేత్తోనే దిద్దింది.

ఒడ్డు తిరునాళ్ళలా ఉంది. సంచిక వచ్చి రెండు రోజులు కాలేదు, అప్పుడే ఎవరో పెద్ద చెక్క చట్రం చేయించి '10' అని రంగులేసి ఇసుకలో పాతారు. జనం వరసలో నిలబడి అందులోంచి తల బయటికి పెట్టి, నాలిక వేలాడేసి, చచ్చినట్టు నటిస్తూ ఫొటోలు దిగుతున్నారు. కాళ్ళ కింద సీసాలు, చిప్సు సంచులు, సగం కొరికిన ఏవేవో తినుబండారాలు. చుట్టూ ఈగలు. గుహ ఉన్న రాతి మొన దగ్గర ఇంకో గుంపు ఉంది. వాళ్ళు ఫోనులు నెత్తి మీద పెట్టి తీస్తున్నారు. వాళ్ళు నవ్వడం లేదు, అయినా తియ్యడం మానలేదు. కామాక్క మోచేతులతో పొడుచుకుంటూ వెళ్ళింది. తప్పుకోమంటే, "ఆగండి ఆంటీ, షాట్ పోతుంది" అన్నాడొకడు. ఆవిడ వాణ్ణి తోసేసింది.

కూతురు కనిపించింది. రాయి మీద కూర్చుని ఉంది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి, అరచేతులు తాడు ఒరిసి ఎర్రగా వాచాయి, జుట్టులో నాచు ఉంది. బతికుంది. స్నేహితురాళ్ళిద్దరూ పక్కనే దుప్పట్లో ముడుచుకుని వణుకుతున్నారు. కామాక్క మోకాళ్ళ మీద పడి పిల్ల మొహం తడిమింది, చెవులు తడిమింది, పసిపాపని చూసుకున్నట్టు వేళ్ళు లెక్కబెట్టింది. పిల్ల ఏడవలేదు. పిల్ల చేతిలో ఇంకో చెయ్యి ఉంది. అది పక్కన కూర్చున్న ఓ పెద్దావిడ చెయ్యి. అరవై దాటి ఉంటాయి. తడి బట్టలతోనే ఉంది, ఎవరో ఇచ్చిన తువ్వాలు ఒళ్ళో అలాగే మడతగా ఉంది. ఆవిడ రాతి వైపే చూస్తోంది.

కప్పు కంతలోంచి సరంగు తాడు వదిలాడట. ముగ్గురాడపిల్లల్నీ పెద్దావిడనీ లాగాడు. ఆవిడ భర్త అందరి వెనకాల ఉన్నాడు. "ముందు మీరెక్కండమ్మా" అని ఒక్కొక్కరి నడుముకీ తాడు కట్టింది ఆయనే. తాడు ఐదోసారి దిగేసరికి అల వచ్చి ఆయన్ని లాగేసింది. ఆయన కోసం దూకిన సరంగు ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు, రెండుసార్లు పైకొచ్చి మళ్ళీ మునిగాడు.

కూతురు తల్లి చెవి దగ్గరికి వంగి, పళ్ళ మధ్య నుంచి మాట్లాడింది. "వాళ్ళు రానన్నారమ్మా. సొరంగం చూసి పెద్దాయన భయపడ్డాడు, వెనక్కి పోదామన్నాడు. నేనే ఆపాను. మా అమ్మ దిద్దిందండీ, కామా కూడా తప్పు పోదు, సాయంత్రం దాకా నీళ్ళు రావు అన్నాను. నేనే తీసుకెళ్ళాను."

కామాక్క పిల్ల జుట్టులోని నాచు ఒక్కొక్క పీచే తీయసాగింది. 

అప్పుడు పెద్దావిడ తిరిగింది. గొంతు మామూలుగానే ఉంది, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడుతున్నట్టు.

"మీ అమ్మాయా? బంగారంలాంటి పిల్లమ్మా. పైకి లాగినప్పటి నుంచి నా చెయ్యి వదల్లేదు. వదిలేస్తే నేను మళ్ళీ అందులోకి పోయేదాన్ని." ఓసారి రాతి వైపు చూసింది. "మరి మీరు ఆ పుస్తకంలోనే పని చేస్తారట కదా. మీ వాళ్ళలో ఎవరో తప్పు రాశారటమ్మా. ఈ సరంగు అన్నాడు, తిరగేసి రాశారని. ఎవరమ్మా అది?"

కూతురు చటుక్కున అందుకుంది. "అచ్చుతప్పండీ. ప్రెస్సులో అక్షరాలు మారిపోయాయి."

"అచ్చుతప్పా?" అంది పెద్దావిడ.

ప్రపంచంలో అంతకన్నా సుఖమైన మాట లేదు. ఎవరిదీ కాని తప్పు. కామాక్క ఆ మాటని వందల సంచికల్లో చివరి పేజీ కింద చిన్నక్షరాల్లో వేయించింది, చింతిస్తున్నామని కూడా రాయించింది. ఇప్పుడు ఊరుకుంటే చాలు. యాత్రికుడు తప్ప బయటివాళ్ళెవరికీ తెలీదు, అతను చెప్పే మనిషి కాదు. కూతురి కళ్ళు ఊరుకో అమ్మా, ఊరుకో అంటున్నాయి. ఆ చూపుని కామాక్క భరించలేకపోయింది. తన తప్పుని కప్పడానికి పిల్ల అప్పుడే అబద్ధం చెప్పడం నేర్చుకుంది, అదీ ఈవిడ చెయ్యి పట్టుకుని.

"అచ్చుతప్పు కాదండీ" అంది. "రాసినతను సరిగ్గానే రాశాడు. నేనే దాన్ని దిద్దాను. పోటంటే ఏంటో నాకు తెలీదు. తెలుసనుకున్నాను."

పెద్దావిడకి అర్థమైనట్టు కనబడలేదు. తల్లినీ కూతురినీ మార్చి మార్చి చూసింది. సొరంగం దగ్గర తమని ఆపిన మాటలు ఆవిడకి అప్పుడు గుర్తొచ్చి ఉంటాయి. మా అమ్మ దిద్దిందండీ అన్న మాటలు.

రాతి మొన దగ్గర గుంపు ఒక్కసారి గొల్లుమంది. సరంగు పైకొచ్చాడు. ఈసారి వట్టి చేతుల్తో రాలేదు. ఫోనులన్నీ అటు తిరిగాయి.

పెద్దావిడ లేవడానికి మోకాలి మీద చెయ్యి ఆనించింది. అమ్మాయి పట్టుకోబోయింది. ఆవిడ తన రెండో చేతిని అమ్మాయి పట్టులోంచి మెల్లగా, ఒక్కొక్క వేలే విడదీసుకుంటూ లాక్కుంది. ఒళ్ళో ఉన్న తువ్వాలు తీసి, ఆ చేతిని రెండుసార్లు గట్టిగా తుడుచుకుంది. తువ్వాలు అక్కడే రాయి మీద పడేసి, ఒంటరిగా నీళ్ళ వైపు నడిచింది.